గిర్మాజీపేటలోని మా తాతగారి మేడను స్థానిక కళల మ్యూజియంగా మార్చవచ్చా?

ప్రశ్న అడిగినవారు: మేడవారసుడు

అందరికీ నమస్కారం. వరంగల్ పాత పట్టణంలో, గిర్మాజీపేటలో, మా తాతగారు కట్టించిన రెండంతస్తుల మేడ ఒకటి ఉంది. ముఖద్వారం పైన గచ్చుతో తీర్చిన లతల మధ్య ‘ఫస్లీ 1345’ అన్న అంకెలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు కాబట్టి, నిజాం కాలపు ఆ సంవత్సరాల లెక్కన అది 1935-36లో పూర్తయిందని లెక్క. అప్పటికి ఊళ్లో ఆజంజాహీ బట్టల మిల్లు మొదలై ఏడాదో రెండేళ్లో అయింది. తాతగారు చుట్టుపక్కల ఊళ్లలో పత్తి కొని మిల్లుకు వేసేవారట. అందుకే ఇంటి తీరు కూడా వ్యాపారానికి తగ్గట్టే ఉంటుంది. వీధి వైపు పలకల తలుపుల దుకాణం, దాని వెనుక పత్తి బోరాలు పేర్చిన పొడవాటి గిడ్డంగి, మధ్యలో ఆకాశం కనిపించే భవంతి, అంటే నడిమి వాకిలి, పైన టేకు దూలాల మీదా వాటిపై అడ్డంగా వేసిన దంతెల మీదా నిలిచిన నాలుగు అర్రలు. దుకాణం కప్పుకు త్రాసు వేలాడదీసిన ఇనుప కొక్కెం ఇంకా ఉంది; చిన్నప్పుడు మేము దానికి ఉయ్యాల కట్టుకునేవాళ్లం.

ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఉండడం లేదు. ముగ్గురు అన్నదమ్ములకు సమాన వాటాలున్నాయి. కాంప్లెక్సు కట్టేవారికి అమ్మేద్దామని తమ్ముడు అంటున్నాడు, పెద్దన్నయ్య ఎటూ తేల్చడు, నేను మ్యూజియం అంటున్నాను. వచ్చే ఉగాది దాకా ఆగుతామని ఇద్దరూ మాట ఇచ్చారు.

మ్యూజియమే ఎందుకంటే, కాకతీయుల రాతిపని చూడాలనుకునేవారికి ఈ ప్రాంతంలో కోట ఉంది, వేయిస్తంభాల గుడి ఉంది, కొంత దూరం వెళ్తే రామప్ప ఉంది. కానీ గుడ్డ మీద కథను బొమ్మలుగా రాసే చేర్యాల పటం, పెంబర్తి ఇత్తడి, కొత్తవాడ జంపఖానా, కరీంనగర్ వెండి తీగపని, నిర్మల్ కొయ్యబొమ్మ, ఆదిలాబాద్ ఓజు పనివారి కంచుపోత వంటివి నిన్నమొన్నటి దాకా మన ఇళ్లలో, మన వీధుల్లో మసలిన పనులు. వాటిని పక్కపక్కన పెట్టి చూసుకునే ఇల్లు పాత పట్టణంలో నాకు తెలిసి లేదు. మరోవైపు పాత కట్టడాలు ఒక్కొక్కటిగా పోతున్నాయి. మిల్లు షెడ్లు నేలమట్టమయ్యాయి, 2021లో సెంట్రల్ జైలును కూల్చారు. మా మేడ వాటంత గొప్పది కాదు గాని, అది కూడా పోతే ఆ వీధిలో సున్నపు గచ్చుపని అన్నది మిగలదు.

ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, గోడలన్నిటికీ సిమెంటు ప్లాస్టరు, కింద టైల్స్, పైన ఫాల్స్ సీలింగు వేసి నాలుగు నెలల్లో అప్పగిస్తానన్నారు. అది సరైన దారేనా? ఏ వస్తువులతో మొదలుపెట్టాలి? ఎవరి చేతుల్లో నడవాలి?

ఇంకొక సంగతి కూడా అడగాలి. నాయనమ్మ ట్రంకు పెట్టెలో ఒక బట్టచుట్ట దొరికింది. రెండు మూరలు విప్పేసరికి పొడి రాలడంతో ఆపేశాను. ఎర్రటి నేల మీద బొమ్మలు వరుసలుగా ఉన్నాయి. ఒక వరుసలో పులి మీద కూర్చున్న మనిషి, దాని కింద మగ్గం కనిపించాయి. ఒక అంచును మూడు వేళ్ల వెడల్పున పురుగు తినేసింది. తాతగారి చిట్టాపుస్తకంలో ‘ఫస్లీ 1352 తీర్, పటం ఒకటి, కుదువ, హాలీ రూ. 25’ అని ఒక పద్దు ఉంది. అంటే 1943 ప్రాంతంలో ఎవరో ఇరవై ఐదు హాలీ రూపాయలకు, అంటే నిజాం నాణేలకు, తాకట్టు పెట్టారన్నమాట. విడిపించుకున్నట్టు మరో పద్దు లేదు. మ్యూజియంలో మొదటి వస్తువుగా దీన్నే పెట్టాలని నా కోరిక.

జవాబు: డంగుసున్నం (కట్టడాల మరమ్మతు ఇంజనీరు)

పాత కట్టడాల మరమ్మతు పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. ఆ కాంట్రాక్టరుకు మీరు ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే ఇవ్వకండి.

ఆ కాలపు ఇల్లు ఇటుకా డంగుసున్నమూ అయి ఉంటుంది. సున్నపు గోడ నేలలోని చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకూ గాలికీ మళ్లీ వదిలేస్తుంది. తొంభై ఏళ్లుగా మీ మేడ అలాగే బతికింది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపల చిక్కిన నీరు గోడలో ఇంకా పైకి పాకుతుంది, దానితో వచ్చిన ఉప్పు ఇటుకను పిండి చేస్తుంది, కొన్నేళ్లకు ఆ పూత పలకలుగా ఊడిపడేటప్పుడు ఇటుక ముఖాన్ని కూడా ఊడదీసుకుపోతుంది. గిడ్డంగి గోడల అడుగున మూడు నాలుగు అడుగుల ఎత్తు వరకు తెల్లటి ఉప్పు తేలి ఉందేమో చూడండి. ఉంటే, గోడ చుట్టూ నేలవాలు సరిచేయడం, చూరునీరు గోడకు దూరంగా పడేలా చేయడం, లోగడ ఎవరైనా సిమెంటు అతుకులు వేసి ఉంటే వాటిని ఉలితో మెల్లగా తీయించడం మొదటి పనులు. పూత ఆ తర్వాతి మాట.

ఫాల్స్ సీలింగు విషయంలో నా అభిప్రాయం మరింత గట్టిది. పాత ఇంటి కప్పు మనతో మాట్లాడుతూ ఉంటుంది. ఎక్కడ మరక పడింది, ఎక్కడ చెదమట్టి గీత దిగింది అన్నది కనిపిస్తూ ఉండాలి. దాన్ని మూసేస్తే దూలం విరిగిన రోజునే తెలుస్తుంది. టేకు దూలం నడుమ భాగం నిక్షేపంగా ఉన్నా, గోడలోకి దిగిన కొస కుళ్లిపోతుంది, ఎందుకంటే చెమ్మ అక్కడే నిలుస్తుంది. ఒక సన్నని స్క్రూడ్రైవరు తీసుకుని ప్రతి దూలం కొసనూ గోడ దగ్గర పొడిచి చూడండి. ముల్లు దిగినట్టు దిగితే గుర్తు పెట్టుకోండి, టక్కుమంటే సంతోషించండి.

పై అంతస్తు బరువు సంగతి ఎవరూ అడగరు గాని నేను చెప్పాలి. నివాసగృహం నేలను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువుకు లెక్కగడతారు. జనం గుమిగూడే చోటికి ఆ లెక్క 400 నుంచి 500 కిలోల దాకా వెళ్తుంది. మీ దంతెలు కాపురం కోసం వేసినవి, బడిపిల్లల గుంపు కోసం కాదు. కాబట్టి ఇంజనీరు లెక్క తేల్చేదాకా పైకి ఒకసారి ఇరవై మందికి మించి పంపకండి, పెంబర్తి ఇత్తడి వాహనాల వంటి బరువైన వస్తువులను కిందే ఉంచండి. అయితే కింద వరద భయం ఉంది. 2020 ఆగస్టులో, 2023 జులైలో ఊరంతా నీళ్లు చూశాం. మీ వీధిలో నీరు ఎంతెత్తు వచ్చిందో ఇరుగుపొరుగును అడిగి, గిడ్డంగి గోడ మీద సుద్దతో గీత గీయండి. ఆ గీతకు రెండడుగుల పైన తప్ప ఏ వస్తువునూ ఉంచవద్దు.

ఇక పని మొదలుపెట్టే సమయం. ఉగాది దాకా గడువు ఉందన్నారు; మంచిదే. జూన్ నుంచి అక్టోబరు దాకా ఒక వానాకాలం పూర్తిగా ఆ ఇంటిని చూడండి. పెద్ద వాన పడిన ప్రతిసారీ టార్చి, సుద్దముక్క పట్టుకుని తిరిగి, చెమ్మ మరక అంచు చుట్టూ గీత గీసి పక్కన తేదీ వేయండి. అక్టోబరు నాటికి మీ గోడలే మీకు అంచనా పత్రం రాసి ఇస్తాయి. సున్నం పని కూడా తొందరపడితే చెడుతుంది. సున్నాన్ని వారాల తరబడి నీళ్లలో నానబెట్టాలి, ఇసుకా ఇటుకపొడీ కలిపి గానుగ ఆడించాలి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు పోయాలి, పూత పూశాక రోజుల తరబడి తడి ఆరకుండా చూడాలి. నాలుగు నెలల్లో అంతా అప్పగిస్తానన్నవారు ఇందులో ఏది మానేస్తారో ఊహించుకోవచ్చు.

పాత కరెంటు తీగలు మాత్రం వానాకాలం దాకా ఆగకూడదు. ఈ వారమే మెయిన్ దగ్గర ఆపించండి.

జవాబు: పాతరిజిస్టరు (విశ్రాంత మ్యూజియం ఉద్యోగి)

పై ఇంజనీరు గారు చెప్పిన ప్రతి మాటతో ఏకీభవిస్తున్నాను. ఇంటి లోపల పెట్టే వస్తువుల గురించి నాలుగు మాటలు చెబుతాను.

పాత కట్టడం మ్యూజియంగా మారడం కొత్త కాదు. విజయవాడ బాపు మ్యూజియం 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం కోసం తలపెట్టిన భవనంలో ఉంది. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదలైనప్పుడు దివాన్ దేవిడీ అనే నివాసభవనంలోనే నడిచింది, 1968లో గాని మూసీ ఒడ్డున ఇప్పుడున్న చోటికి రాలేదు. అయితే వాటి వెనుక ప్రభుత్వాలున్నాయి, పెద్ద సేకరణలున్నాయి. మీ దగ్గర నాలుగు అర్రలూ ఒక గిడ్డంగీ ఉన్నాయి. ఉత్తర తెలంగాణలోని కళలన్నీ అందులో ఇరికిస్తే అది ఎగ్జిబిషన్ స్టాలు అవుతుంది. వస్త్రం, పటం, ఇత్తడి అన్న మూడింటితో మొదలుపెట్టండి. అవి మీ ఇంటి కథకు దగ్గరివి: మీ తాతగారిది పత్తి వ్యాపారం, మీకు దొరికినది పటం, పెంబర్తి ఇక్కడికి రైలు దూరమే.

పటానికీ జంపఖానాకూ వెలుతురే శత్రువు. వస్త్రాల మీద, కాగితాల మీద పడే వెలుతురు, దాన్ని కొలిచే లెక్కలో, 50 లక్స్ దాటకూడదన్నది మా వృత్తిలో అందరూ పాటించే హద్దు. అది దాదాపు దీపాలు పెట్టిన సాయంత్రం ఇంట్లో ఉండే మసక వెలుతురు. మా వారిలో చాలామంది, బొమ్మ బాగా కనిపించాలని, దాని నెత్తిన బల్బు పెట్టిస్తారు. ఎరుపు నిలుస్తుంది గాని పక్కనున్న లేతరంగులు కళ్ల ముందే వెలిసిపోతాయి. ఒకసారి వెలిసిన రంగును ఎవరూ తిరిగి తేలేరు. అందుకని ఏ వస్త్రాన్నీ మూడు నాలుగు నెలలకు మించి గోడకు ఉంచకుండా మార్చుతూ, మిగిలిన కాలం చీకటి అరలో విశ్రాంతి ఇవ్వాలి.

చేర్యాల పటానికి ఇంకొక చిక్కు ఉంది. ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, బియ్యపు గంజి, చింతగింజల జిగురు, బంకనీళ్లు కలిపి పూతలు పూసి నేల తయారుచేస్తారు. గంజీ చింతగింజలూ పురుగుకు విందుభోజనమే. మీ పటం అంచు పోవడానికి కారణం అదే. ఇకపై దాన్ని విప్పకండి. పాతబడి బిరుసెక్కిన పూత సన్నటి చుట్టలో పెళుసై పగులుతుంది. శుభ్రమైన నూలుగుడ్డలో వదులుగా చుట్టి, నేలకు తగలకుండా, గోడకు ఆనకుండా ఉంచండి. కలరా ఉండలు పక్కన వేసి మూసేయకండి; బట్టకూ మనిషికీ రెంటికీ మంచిది కాదు. వస్త్రాల సంరక్షణ తెలిసినవారు వచ్చి, లావుపాటి గొట్టానికి బొమ్మ వైపు పైకి ఉండేలా చుట్టించేదాకా మీరు చేయగలిగిన మంచిపని దాన్ని ముట్టకుండా ఉండడమే.

చట్టం మాట కూడా చెప్పాలి. 1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చిత్రాలు పురావస్తువుల కిందికి వస్తాయి, వాటిని రిజిస్టరింగ్ అధికారి దగ్గర నమోదు చేయించాలి. 1943లోనే తాకట్టుకు వచ్చిన పటం అప్పటికే పాతదై ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ ఆఫీసుకు ఫోటోలతో వెళ్లిరండి.

చివరిగా తాళంచెవి. నా ఉద్యోగకాలంలో ఒక చోట స్టోరురూము తాళంచెవి ఒకే ఒక్కరి దగ్గర ఉండేది. ఆయన బదిలీ అయ్యారు, అప్పగింత కాగితాల మీద సంతకం దగ్గర పేచీ వచ్చింది, ఆ గది రెండు వానాకాలాలు తెరుచుకోలేదు. తలుపు తీసిననాడు నేనూ ఉన్నాను. చెక్కపెట్టెలు నిలబడే ఉన్నాయి. చెయ్యి వేస్తే కూలిపోయాయి. పెట్టె ఆకారంలో చెదమట్టి మాత్రమే మిగిలింది. దొంగలు పడితే కొన్ని వస్తువులైనా వదిలి వెళ్లేవారు. కాబట్టి మొదటి రోజునే ఒక దళసరి రిజిస్టరు కొని ప్రతి వస్తువుకూ సంఖ్య, కొలతలు, ఎవరిచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు, ఏ మూల ఎంత దెబ్బతిని ఉంది అన్నది రాయండి. తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉండాలి, నెలకొకసారి ఇద్దరూ కలిసి తెరిచి చూసి సంతకం పెట్టాలి. మ్యూజియం అంటే సగం పని అదే.

జవాబు: మేడవారసుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అడ్వాన్సు ఇవ్వలేదు. నిన్న దూలాల కొసలు చూశాను. పదకొండింటిలో రెండు మెత్తగా ఉన్నాయి, రెండూ పడమటి గోడవే. కరెంటు ఆపించాను. ఆ పులి బొమ్మ ఏ కథలోనిదో ఎవరైనా చెప్పగలరా?

జవాబు: పటంకథ

అయ్యా, నమస్కారం. మాది పటం కథ చెప్పే కుటుంబం. మా తాత చెప్పాడు, మా నాయన కొన్నాళ్లు చెప్పాడు, నేను బడిలో పంతులు ఉద్యోగం చేస్తున్నాను.

పులి మీద కూర్చున్నది భావనాఋషి. పక్కన మగ్గం ఉందంటే సందేహం అక్కరలేదు. అది పద్మశాలీలకు చెప్పే మార్కండేయ పురాణం పటం. మార్కండేయుడి యజ్ఞగుండంలోంచి భావనాఋషి పుట్టడం, తామరతూళ్ల దారంతో దేవతలకు బట్ట నేయడం, సూర్యుడి బిడ్డ భద్రావతిని పెండ్లాడడం, పులి ఆయనకు వాహనం కావడం అందులో వరుసగా వస్తాయి. ఈ పటం చెప్పేవారిని కూనపులివారు అంటారు. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథ, ఆ కథ చెప్పే ఆశ్రితకులం వేరువేరుగా ఉంటాయి. ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, గొల్లలకు కాటమరాజు కథను బొమ్మలతో చెప్పే మందహెచ్చులవారు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు పటాన్ని వెదుళ్లకు కట్టి, పైనుంచి కిందికి ఒక్కొక్క వరుస విప్పుతూ రాత్రుళ్లు కథ చెబుతారు. చేర్యాలలోని నకాషీ చిత్రకారులు రాసేవారు, మావంటివారు చెప్పేవారు. రాసే చేయి గురించి ఇప్పుడు నలుగురికీ తెలిసింది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెప్పే నోటి సంగతి ఎవరికీ పట్టలేదు.

మీరు ఆ పటాన్ని మొదటి వస్తువుగా పెట్టాలనుకుంటున్నారు. నేను చెప్పేది మీకు కష్టంగా ఉంటే మన్నించండి. మా వారికి పటం అంటే బొమ్మల గుడ్డ కాదు, మిరాశీ కాగితం, అంటే వంశపారంపర్య హక్కుపత్రం. ఏ ఊళ్లు ఎవరివన్నది కుటుంబాల మధ్య పంచుకుని ఉంటుంది. పటం చేతిలో ఉంటేనే ఆ ఊళ్లో అడుగుపెట్టి, కథ చెప్పి, త్యాగం, అంటే కథకు కులంవారు ఇచ్చే కట్నం, తీసుకునే హక్కు ఉంటుంది. పటం కుదువపెట్టాడంటే ఆ సంవత్సరం ఊళ్ల మీద వచ్చే తిండిగింజల్ని కుదువపెట్టాడని అర్థం. ఇరవై ఐదు హాలీ రూపాయలకు ఒక కుటుంబం తన బతుకుదారిని మీ తాతగారి పెట్టెలో పెట్టి వెళ్లింది. విడిపించుకోలేదంటే ఏమై ఉంటుందో నేను ఊహించి రాయను.

ఇంకొక సంగతి. పటం జీర్ణమైతే మేము దాచుకోము. కొత్త పటం రాయించి, పూజ చేసి, పాతదాన్ని నీళ్లలో కలుపుతాము. మా తాత కాలంలో ఒక పటాన్ని గోదావరికి తీసుకుపోయి కలిపారని, ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించలేదని మా నాయనమ్మ చెప్పేది. చావు లేకుండా పటాన్ని గాజుపెట్టెలో పెట్టడం తప్పు అని నేను అనడం లేదు. పాతవన్నీ నీళ్లలో కలిపి ఉంటే, మా పిల్లలకు చూపించడానికి ఈ రోజు ఒక్కటీ ఉండేది కాదు. నాకూ ఆ సంగతి తెలుసు. అయితే ఉంచాలా, కలపాలా అన్న మాట చెప్పవలసింది మీరు కాదు. చిట్టాలో కుదువపెట్టినవారి పేరో ఊరో ఉంటే వెతకండి. వాళ్ల మనుమలు ఉంటారు.

జవాబు: పాతరిజిస్టరు

పంతులు గారు చెప్పినది మా వృత్తిలో ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. రిజిస్టరులో ‘ఎవరిచ్చారు’ అన్న గడిలో మేము ఎన్నోసార్లు ‘పాత నిల్వ’ అని రాసి ముందుకు సాగిపోయాం. ఒక్క విషయంలో మాత్రం విభేదిస్తాను. నీళ్లలో కలపాలన్న నిర్ణయమే వస్తే, దానికి ముందు ప్రతి వరుసనూ కొలతబద్దతో సహా ఫోటో తీయించడానికి ఆ కుటుంబాన్ని ఒప్పించండి.

జవాబు: కొత్తవాడ మగ్గం

మేము కొత్తవాడవాళ్లం. మా నాయన జంపఖానాలు నేసేవారు. నేను నేయను, అమ్ముతాను. ఆ పటం కథ మా వాడలో చెప్పేటప్పుడు మా నాయనమ్మ మగ్గం దిగి వెళ్లి కూర్చునేదని విన్నాను. కాబట్టి ఆ కుదువలో మాకూ కొంత వాటా ఉన్నట్టే లెక్క.

మ్యూజియం ఉద్యోగి గారు గిడ్డంగి గురించి ఏమీ చెప్పలేదు. దాన్ని గాజుపెట్టెలతో నింపకుండా రెండు మగ్గాలు వేయండి. ఇదివరకు ఒక ఉత్సవంలో మా నాయనను మగ్గంతో సహా వేదిక పక్కన కూర్చోబెట్టారు. వచ్చినవారు ఫోటోలు తీసుకున్నారు, నేస్తున్న దారాన్ని వేలితో మీటి చూశారు, ఒక పిల్లవాడు నేతపనిముట్టు పంజా ఎత్తుకుపోయాడు. రెండు రోజులకు ఇచ్చింది శాలువా. ఆ రెండు రోజుల్లో ఇంట్లో ఆగిపోయిన నేతకు ఎవరూ లెక్క కట్టలేదు. మీరు మగ్గం వేస్తే నేతకానికి రోజుకూలి రాసి ఇవ్వండి, నేసిన సరుకు మీరే కొనండి, మీ దుకాణంలో అమ్మండి. త్రాసు కొక్కెం ఉన్న దుకాణం ఉంది కదా, అది దుకాణంగానే ఉండనివ్వండి.

వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహాప్రదర్శనకు వెళ్లాయి. మన జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవన్నీ బోర్డు మీద రాయండి, తప్పేమీ లేదు. బోర్డు పక్కన మాత్రం పంజా ఒకటి పెట్టండి. అది ఇనుప పండ్లున్న దువ్వెన వంటిది. పేకను, అంటే అడ్డదారాన్ని, దానితో కొట్టికొట్టి దట్టం చేస్తారు. మా నాయన పంజా పిడి మీద బొటనవేలు ఆనే చోట చెక్క అర అంగుళం లోతున అరిగి ఉంది. వచ్చినవారిని ఆ గుంటలో తమ వేలు పెట్టి చూడమనండి. దాన్ని నేనిస్తాను, అరువుగానే గాని దానంగా కాదు. రిజిస్టరులో అలాగే రాయాలి.

జవాబు: లెక్కలమనిషి

ఆశయం బాగుంది గాని తమ్ముడి వాటా సంగతి ఎవరూ మాట్లాడడం లేదు. పత్రం లేకుండా మాట మీద మొదలుపెడితే, పైకప్పు బాగుచేసిన మర్నాడే ఆ స్థలం విలువ పెరిగి, పేచీ మొదలవుతుంది. ముగ్గురూ కలిసి ఒక ట్రస్టుకో, రిజిస్టరైన సొసైటీకో దీర్ఘకాలపు లీజు రాసి రిజిస్టరు చేయించండి. యాజమాన్యం మీ ముగ్గురిదే ఉంటుంది, తమ్ముడికి నెలనెలా ఎంతో కొంత అద్దె ముడుతుంది, అమ్మకం ఒత్తిడి తగ్గుతుంది. కేంద్ర సాంస్కృతిక శాఖకు మ్యూజియాల గ్రాంటు పథకం ఉంది. వ్యక్తిగా అడిగితే రాదు, లెక్కలు చూపగల సంస్థ కావాలి. కొత్తగా ఏదైనా కట్టదలిస్తే, దగ్గరలో కేంద్ర రక్షిత కట్టడం ఉందేమో ముందు చూసుకోండి. దాని చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపై 200 మీటర్లు అనుమతితో మాత్రమే.

మరొకటి, రామప్పకు వెళ్లే బస్సు మీ సందులోకి రాదు. పర్యాటకుల మీద ఆశ పెట్టుకోకండి. ఆ చుట్టుపక్కల బడులు, బట్టలకూ బంగారానికీ వచ్చే పల్లెజనం, వీరే మీ ప్రేక్షకులు. సమయం పదింటి నుంచి ఐదింటి దాకా అని పెట్టారంటే వారెవరూ రాలేరు.

జవాబు: మేడవారసుడు

ఒక వారం ఆగి రాస్తున్నాను. లీజు మాట విని తమ్ముడు మొదటిసారి కూర్చుని మాట్లాడాడు. అద్దె ఎంతన్నది తేలలేదు గాని, ఈ వానాకాలం ఇంటిని ముట్టకుండా గమనించడానికి ముగ్గురం ఒప్పుకున్నాం. రిజిస్టరు కొన్నాను. తాళంచెవి ఒకటి నా దగ్గర, రెండోది అమ్ముదామన్న తమ్ముడి దగ్గరే ఉంది. పెద్దన్నయ్యకు ఇది కొంచెం నవ్వులాటగా ఉంది.

కొత్తవాడవారికి: గిడ్డంగి కొలతలు తీశాను. గోడల ఉప్పు సంగతి తేలాక రెండు మగ్గాలకు చోటు సరిపోతుంది. కూలి, కొనుగోలు మీరు చెప్పినట్టే రాసుకుందాం. పంజాను అరువు పద్దులోనే ఎక్కిస్తాను.

పంతులు గారికి: మీ జవాబు చదివాక చిట్టాను మళ్లీ తీశాను. కుదువ పద్దు కింద సన్నని అక్షరాలతో ఇంకొక పంక్తి ఉంది, ఇన్నాళ్లూ దాన్ని వడ్డీ లెక్క అనుకుని దాటేశాను. అందులో మనిషి పేరు లేదు. ‘కూనపులి, నర్సంపేట తోవ’ అని, పక్కన ఒక ఊరి పేరు ఉంది. ఆ ఊరు ఇప్పటికీ అదే పేరుతో ఉంది. రిజిస్టరులో మొదటి సంఖ్య వేసి, ‘ఎవరిచ్చారు’ అన్న గడిని ఖాళీగా ఉంచాను. వచ్చే ఆదివారం ఆ ఊరికి వెళ్తున్నాను. పటాన్ని కదిలించను, ఫోన్లో ఉన్న రెండు ఫోటోలు మాత్రం తీసుకువెళ్తాను. వీలుంటే మీరు కూడా రాగలరా? అక్కడ ఏ మాటతో మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదు.

జవాబు: పటంకథ

వస్తాను. పొద్దున ఏడింటికి హన్మకొండ చౌరస్తాలో ఉంటాను. ఫోటోలతోపాటు చిట్టాపుస్తకం కూడా తీసుకురండి.